లాంచీ లేని రోజున సాగర్‌లో ఏం చూడాలి?

పిల్లాపాపలతో సాగర్ దాకా వచ్చాక నాగార్జునకొండ లాంచీ ఇవాళ లేదని తెలిస్తే ఇక మిగిలేది డ్యామ్ వైపు ఓ చూపు, రోడ్డు పక్కన చేపల వేపుడు, తిరుగు ప్రయాణం. జలాశయంలో నీళ్లు తగ్గినా, గాలి ఎక్కువైనా, వరద పోటెత్తినా లాంచీలు ఆగుతాయి. సోమశిలలోనూ ఇదే తంతు. మక్తల్ వైపు నుంచి పుట్టిలో కురవపురం దీవికి వెళ్లే భక్తులకూ కృష్ణమ్మ దయ ఉండాల్సిందే. ఇలాంటి చోట జనాన్ని ఓ పూట నిలపాలంటే మనకు చటుక్కున తట్టేది బటర్‌ఫ్లై పార్కు. పెద్ద వల, నాలుగు పూలమొక్కలు, సెల్ఫీ పాయింట్, టికెట్ కౌంటర్. నన్నడిగితే వద్దనే అంటాను.

కరీబియన్ సముద్రంలో ఫ్రాన్స్, నెదర్లాండ్స్ పంచుకుని ఏలుకునే చిన్న దీవి సెయింట్ మార్టిన్. ఫ్రెంచి వైపున వల కింద సీతాకోకచిలుకల తోట ఒకటి ఉండేది. 2017 సెప్టెంబరు 6న ఇర్మా తుఫాను దీవిని ఊడ్చేసింది, తోట మూతపడింది. ఇప్పుడక్కడ పచ్చదనం కోసం చూసేవాళ్లు పిక్ పారడీ కొండ అడవిబాట పడతారు, కొండ మొదట్లోని లోటరీ ఫామ్‌లో ఆగుతారు, లేదంటే పడవెక్కి పినెల్ దీవికి పోతారు. కొండ మీది చెట్లనూ తుఫాను వదల్లేదు. కాకపోతే చెట్లు తమంతట తాము చిగురించాయి. వల కింది తోటను మళ్లీ ఎవరైనా డబ్బు పెట్టి నిలబెట్టాలి.

మన దగ్గర అలాంటి తోట మూతపడటానికి తుఫాను కూడా అక్కర్లేదు. రెక్కలొచ్చిన సీతాకోకచిలుక బతికేది మామూలుగా రెండు మూడు వారాలు. అందుకే ఇలాంటి తోటలు ప్యూపాలను, అంటే గొంగళి పురుగుకు రెక్కలొచ్చే ముందటి గూళ్లను, తెప్పించుకుంటూనే ఉంటాయి. కోస్టారికా, కెన్యా, ఫిలిప్పీన్స్‌లలో వాటిని పెంచి పంపడమే ఒక వ్యాపారం. సరఫరా ఆగిన నెల తిరగకుండానే వల ఖాళీ. దీనికి నల్లగొండ మే నెల ఎండను కలపండి: తుంపర యంత్రాలు, కరెంటు, పొద్దస్తమానం కనిపెట్టుకునే మనుషులు. ప్రారంభోత్సవం నాడు ఎగజిమ్మి రెండో ఎండాకాలానికే ఎండిపోయిన ఫౌంటెన్లు మన ఊళ్లలో ఎన్ని ఉన్నాయో గుర్తు చేసుకుంటే చాలు.

ఇంతకన్నా పెద్ద లోపం ఇంకోటుంది. పార్కుల్లో తేనె తాగే రెక్కల పురుగు కోసం పూలు నాటుతారు, ఆకు తినే గొంగళి పురుగు సంగతి మాత్రం మరిచిపోతారు. ఆకుకు చిల్లు పడిందంటే మాలి మందు కొడతాడు. ఆ చిల్లే సీతాకోకచిలుక పుట్టిల్లని అతనికి ఎవరూ చెప్పలేదు.

చెరువు కట్ట మీది జిల్లేడు దగ్గర కాసేపు కూర్చోండి. తెలుపు, నలుపు, పసుపు పట్టీలతో, వీపు మీద మూడు జతల నల్లటి కొమ్ముల్లాంటి పోగులతో ఓ పురుగు కనిపించవచ్చు. ప్లెయిన్ టైగర్ అనే సీతాకోకచిలుక పిల్ల అది. తినబోయే ముందు ఆకు ఈనెను కొరికి పాలు కారిపోనిస్తుంది. జిల్లేడు పాల విషం కొంత ఒంట్లో దాచుకుంటుంది కాబట్టే పిట్టలు దాని జోలికి రావు. ఆముదం ఆకు మీద ముళ్లముళ్లుగా, పచ్చగా కనిపించేది క్యాస్టర్ సీతాకోకచిలుక పిల్ల. (రైతుకు గుబులు పుట్టించే దాసరి పురుగు వేరు, అది మాత్ జాతి.) ఆముదానికి ఒకప్పుడు పెట్టింది పేరు పాలమూరు, నల్లగొండ. పత్తి వచ్చి దాన్ని చాలాచోట్ల గట్ల మీదికి నెట్టేసింది. తంగేడు, రేల చెట్ల మీద ఎమిగ్రెంట్లనే లేత పసుపు సీతాకోకచిలుకలు గుడ్లు పెడతాయి. నల్లమలలో బీడీలు చుట్టే తునికాకు మీద బారోనెట్ అనే సీతాకోకచిలుక పెరుగుతుంది. బతుకమ్మకు గునుగు, తంగేడు కోసుకొచ్చే ఆడబిడ్డలు సీతాకోకచిలుకల రుతువులోనే తిరుగుతున్నారు. వానాకాలం చివర్లో ఇవి మూగినంతగా ఏడాదిలో మరెప్పుడూ మూగవు.

అందుకే లాంచీ తప్పిపోయిన పూట సాగర్ ఎడమ కాలువ గట్టు పట్టుకుని నడవమంటాను, పొద్దున పదకొండు లోపు. సాగర్‌లోని బౌద్ధ పార్కు బుద్ధవనం 274 ఎకరాలు, 2022లో తెరిచారు. అందులో ఓ మూల జిల్లేడు, ఆముదం, కరివేపాకు, నిమ్మ, తంగేడు వేసి మందు కొట్టకుండా వదిలేస్తే పార్కుకు పెట్టే ఖర్చులో వీసమెత్తు కూడా కాదు. సోమశిల నుంచైతే కాస్త దూరమే అయినా నల్లమల ఉంది. జులై నుంచి సెప్టెంబరు చివరి దాకా అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో సఫారీ ఉండదు. అక్టోబరులో వటవర్లపల్లి మీదుగా మల్లెలతీర్థం దిగితే నీటి అంచున తడి ఇసుక మీద మగ సీతాకోకచిలుకలు గుంపుగా వాలి ఉప్పు పీల్చుకుంటుంటాయి. అక్కడ చెప్పులతో తొక్కకుండా ఆగమనడానికి ఒక చెంచు యువకుడు ఉంటే చాలు, గైడుగా అతనికీ నాలుగు డబ్బులు. పాలమూరు పక్క అప్పన్నపల్లి ఎకో పార్కు గురించి ఎక్కువ చెప్పను. 2,087 ఎకరాలున్నా జనం ఎక్కువ, సందడి ఎక్కువ.

జనం ఎక్కువైతే ఏమవుతుందో పాలమూరు పిల్లలమర్రి చూపించింది. 2017 డిసెంబరులో పెద్ద కొమ్మ విరిగిపడ్డాక సందర్శకులను ఆపేశారు. చెదలు పట్టిన ఏడు వందల ఏళ్ల మర్రికి 2018లో సెలైన్ సీసాలతో మందెక్కించిన ఫొటోలు దేశమంతా చూసింది. ఊడలకు ఆసరాలు కట్టారు. 2025 మేలో ప్రపంచ సుందరి పోటీదారులు వచ్చేనాటికి చెట్టు కళకళలాడుతోంది. ఇన్నేళ్లు ఎడం పెట్టడమే దానికి పెద్ద వైద్యమని నా లెక్క. అమ్రాబాద్ మూడు నెలల విరామాన్ని వ్యాపారానికి నష్టంగా చూసేవాళ్లు ఈ చెట్టు కిందికి ఓసారి వెళ్లి రావాలి.

కాబట్టి పర్యాటక శాఖను అడగాల్సింది వల కాదు. కాలువ గట్ల మీద, రేవుకు పోయే దారుల పక్కన గడ్డి మందు కొట్టడం ఆపించమని అడగాలి. హరితహారంలో వరుసకట్టి నాటి, తర్వాత వద్దనుకున్న కోనోకార్పస్ తీసిన చోట రేల, తంగేడు పెట్టమనాలి. లాంచీ టికెట్ కిటికీ పక్కన ఓ బోర్డు కావాలి: ఈరోజు లాంచీ లేదు, ఫలానా గట్టు మీద ఫలానా మొక్క దగ్గర ఇది చూడొచ్చు అని. ఆ బోర్డును నెలకోసారి మార్చే మనిషి కావాలి, ఎందుకంటే అక్టోబరులో కనిపించేవి ఏప్రిల్‌లో ఉండవు.