సానియాకు సరే, మాకు సన్మానం ఎప్పుడు?

టెన్నిస్ తార సానియా మీర్జాకు ఘన సన్మానం చేయాలని పోయిన ఆదివారం మా కాలనీ సంక్షేమ సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆమె ఆట మానేసింది 2023 ఫిబ్రవరిలో. కాస్త ఆలస్యమైన మాట నిజమే గానీ, మా డ్రైనేజీ అర్జీ నడుస్తున్న తీరుతో పోలిస్తే ఇది మెరుపు వేగం.

సన్మానపత్రం రాసే పని నాకు అప్పగించారు. అటూ ఇటూ పాత విషయాలన్నీ తిరగేసి, రెండు రాత్రులు కూర్చుని ఆలోచిస్తే నాకొక సంగతి బోధపడింది. పద్మశ్రీ, ఖేల్ రత్న, పద్మభూషణ్ అన్నీ ఆమెకే ఇచ్చేశారు. ఇరవై ఏళ్లపాటు ఆమెను ఓ కంట కనిపెట్టుకుని ఉన్న హైదరాబాద్‌కు ఇప్పటిదాకా కనీసం ఒక శాలువా కూడా కప్పలేదు. ఇది అన్యాయం.

మేం చేసిన సేవల్లో మొదటిది వ్యాకరణ సేవ. ఆమె పుట్టింది ముంబైలో. దాన్ని మేం పెద్దమనసుతో మాఫీ చేశాం, పెరిగింది ఇక్కడే కాబట్టి. 2005 ఫిబ్రవరిలో హైదరాబాద్ ఓపెన్ గెలిచి, మహిళల టెన్నిస్ సంఘం (డబ్ల్యూటీఏ) సింగిల్స్ టైటిల్ కొట్టిన తొలి భారతీయురాలైన రోజున ఊళ్లో అందరికీ ఆమె 'మన పిల్ల'. అదే ఏడాది యూఎస్ ఓపెన్‌లో నాలుగో రౌండ్ దాకా వెళ్లింది. ఇంకా మన పిల్లే. ఈలోగా స్కర్టు పొడవు మీద చర్చ లేచింది, 'ఆ పిల్ల' అయింది. మా వీధిలో టెన్నిస్ కోర్టు పొడవెంతో తెలిసినవాడు ఒక్కడు లేడు. స్కర్టు సంగతి అడిగితే మాత్రం టైలర్లు కూడా నోరు మూసుకుని వినేవారు. 2007 చివర్లో మక్కా మసీదు దగ్గర ప్రకటన షూటింగ్ గొడవ, వెంటనే 2008 జనవరిలో జాతీయ జెండా వైపు కాళ్లు చాపిందని ఒక ఫిర్యాదు. అప్పటికి 'ఆవిడ'. 2010లో పాకిస్తాన్ క్రికెటర్‌తో పెళ్లయింది, 'వాళ్ల కోడలు'. 2014 జూలైలో కొత్త తెలంగాణకు బ్రాండ్ అంబాసిడర్‌ను చేసి కోటి రూపాయల చెక్కు ఇస్తే, కోడలికి ఎందుకని ఒక నాయకుడు అడిగారు. సెప్టెంబర్‌లో యూఎస్ ఓపెన్ మిక్స్‌డ్ డబుల్స్ గెలిచింది. ప్రభుత్వం ఇంకో కోటి ఇచ్చింది. తెల్లారేసరికి మళ్లీ 'మన పిల్ల'.

పదేళ్లలో ఒక మనిషిని ఇన్నిసార్లు పుట్టింటికీ అత్తింటికీ తిప్పిన ఊరు ఇంకోటి ఉంటే చూపించండి.

రెండో సేవ లెక్కల్లో. దీనికి పూర్తి గౌరవం మా పక్కింటి రిటైర్డ్ అకౌంటెంటు గారికే దక్కాలి. 2005లో ఫతే మైదాన్‌కి నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది ఆయనే. ఆటంతా ఆయనకు ఒకటే బాధ. "పదిహేను, ముప్పై, తర్వాత నలభై అయిదు రావాలి కదా. నలభై అంటున్నారు. ఆ అయిదు ఎవరు తిన్నారండీ?" అంపైర్ గట్టి కుర్చీలో ఎత్తుగా కూర్చున్నాడు కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే వెళ్లి వోచర్లు అడిగేవారే.

ఇప్పుడు ఆయన మా కమిటీ కోశాధికారి. సన్మానపత్రంలో 'ఆరు గ్రాండ్‌స్లామ్‌లు' అని నేను రాస్తే ఎర్ర పెన్నుతో కొట్టేసి 'మూడు' అని వేశారు. మహిళల డబుల్స్ మూడు, మిక్స్‌డ్ మూడు, అన్నీ ఇద్దరు కలిసి ఆడినవే కాబట్టి సగం అవతలివాళ్ల వాటా అట. ఆ లెక్కన మొత్తం 43 డబుల్స్ టైటిళ్లు ఇరవై ఒకటిన్నర అవుతాయి. ఆ అర టైటిల్‌కి శాలువా ఒక భుజం మీదే కప్పాలా అన్నది తేలక మీటింగు పావుగంట ఆగింది.

"మరి 91 వారాలు ప్రపంచ నంబర్ వన్‌గా ఉందండీ, దాన్ని ఎలా కోస్తారు?" అన్నాను. ఆయన కళ్లజోడు తీశారు. నంబర్ వన్‌లో సగం అర అవుతుంది. అర అంటే ఒకటి కంటే పైన. ఆమె ర్యాంకు పెరిగిపోతోంది. ఇది ఆయన సర్వీసులో ఎదురుకాని చిక్కు.

నేనే విడమరిచి చెప్పాను. డబుల్స్‌లో కప్పు ఇద్దరిదైనా ర్యాంకు ఎవరిది వాళ్లదే. 2017 జనవరిలో బ్రిస్బేన్‌లో బెథనీ మాటెక్-శాండ్స్‌తో కలిసి సానియా టైటిల్ గెలిచింది, అదే టోర్నీతో నంబర్ వన్ స్థానం ఆ మాటెక్-శాండ్స్‌కే పోయింది. "అంటే జాయింట్ అకౌంట్ కాదన్నమాట, విడివిడి పాస్‌బుక్కులు" అని ఆయన చాలాసేపు తల ఊపారు. ఆ అమెరికా అమ్మాయే 2023 మార్చి 5న ఎల్బీ స్టేడియంలో సానియా వీడ్కోలు మ్యాచ్ ఆడటానికి వచ్చిందని చెబితే మెత్తబడ్డారు. "మంచి పిల్లండీ. తీసుకున్నదానికి వడ్డీ కట్టడానికి వచ్చింది." ఆరు గ్రాండ్‌స్లామ్‌లూ తిరిగి ఆరయ్యాయి.

మూడోది త్యాగం. మార్టినా హింగిస్‌తో కలిసి సానియా వరసగా 41 మ్యాచ్‌లు గెలుస్తున్న ఆ నెలల్లో మా కాలనీలో ఒక్క ఇంట్లో కూడా టెన్నిస్ పెట్టలేదు. మేం చూస్తే ఎక్కడ దిష్టి తగులుతుందోనని గుండె రాయి చేసుకుని క్రికెట్ చూశాం. 2016 ఫిబ్రవరిలో దోహాలో ఆ వరస తెగింది. ఆ రోజు ఎవరో చూసి ఉంటారని మా అనుమానం.

మధ్యలో అధ్యక్షుల వారు కల్పించుకుని 'ఆటుపోట్లు' అనే పేరా ఒకటి ఉండాలన్నారు. రెండు మోకాళ్లకూ, మణికట్టుకూ ఆపరేషన్లు అయ్యాయనీ, సింగిల్స్ వదిలేసి డబుల్స్‌తోనే శిఖరానికి వెళ్లిందనీ, 2018లో బిడ్డను కని 2020 జనవరిలో హోబర్ట్‌లో మళ్లీ టైటిల్ గెలిచిందనీ రాశాను. చదివి ఆయన కాసేపు మాట్లాడలేదు. ఆయనకు ఒకే మోకాలికి ఆపరేషన్ అయింది. అప్పటినుంచి మీటింగులు వాళ్లింట్లోనే పెడుతున్నాం.

ఫ్లెక్సీ ప్రూఫ్ నిన్న వచ్చింది. పైన చేతులు జోడించి అధ్యక్షులు, చుట్టూ 18 మంది సభ్యులు, కింద కుడి మూలన ఒక క్రీడాకారిణి. ఆ మూలనున్నది సైనా నెహ్వాల్. నేను గోల పెడితే ఉపాధ్యక్షులు నచ్చజెప్పారు. "ఇద్దరూ మన హైదరాబాద్ వాళ్లే. ఇద్దరి చేతిలోనూ బ్యాటే. జనానికి భావం అందుతుంది." 2019లో విశాఖలో క్రీడా దినోత్సవం ఫ్లెక్సీ మీద సానియా బొమ్మ వేసి కింద పి.టి.ఉష అని రాశారనీ, వాళ్లతో పోలిస్తే మేం కనీసం అక్షరాల దగ్గర్లో ఉన్నామనీ గుర్తుచేశారు. అయినా నేను ఒప్పుకోలేదు. బొమ్మ మారుస్తామన్నారు, కొత్త బొమ్మకు స్థలం చాలదు కాబట్టి కాస్త చిన్నది చేసి.

ఫ్లెక్సీ కట్టడానికి కమ్యూనిటీ హాలు పక్క గోడ చూశాం. మంచి వెడల్పైన గోడ. దాని మీద 'ఇక్కడ పిల్లలు బంతి ఆటలు ఆడరాదు, అతిక్రమించినవారి బంతి స్వాధీనం చేసుకోబడును' అని పెయింటుతో రాసి ఉంది. పర్వాలేదు, ఫ్లెక్సీ కింద కనబడదు. అది తీసేశాక మళ్లీ కనిపిస్తుంది, రంగు కొత్తదే.

ఏర్పాట్లన్నీ పూర్తయ్యాయి. శాలువాలు ఇరవై ఒకటి కొన్నాం, ఒకటి ఆమెకు, మిగతావి మాకు. మైక్ సెట్‌కి అడ్వాన్స్ ఇచ్చాం. ఇద్దరు వక్తలు రెండేసి ముక్కలు మాట్లాడతామని ఒప్పుకున్నారు, అంటే గంటన్నర. సానియాకు చెప్పడం ఒక్కటే మిగిలింది. వచ్చే మీటింగు ఎజెండాలో 'ఇతర విషయాలు' కింద పెట్టాం.