రోమన్ దంతపు కుర్చీ గారికి

మహారాజశ్రీ కుర్చీ గారికి,

ఉభయకుశలోపరి. తమరికి వెన్ను లేదనీ, మడిచి ఎక్కడికైనా మోసుకుపోవచ్చనీ, పెద్ద పదవుల వాళ్లు తప్ప ఇంకెవరూ కూర్చోకూడదనీ చదివాను. సిసిలీని దోచుకున్న గవర్నరు గయస్ వెర్రెస్ మీద రోమ్‌లో నడిచిన కేసులో అంతమంది సాక్షుల్ని పిలిచారు గానీ, దగ్గరుండి అంతా చూసిన తమర్ని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. అందుకే ఈ ఉత్తరం.

తమరి మీద కూర్చోకముందే ఆయన పనితనం బయటపడింది. క్రీ.పూ. 84లో కార్బో అనే కాన్సుల్ (రోమ్‌లో అందరికన్నా పెద్ద అధికారి) దగ్గర ఖజానా చూస్తూ ఆయన రాసిన లెక్క ఇదీ: వచ్చింది 22,35,417 సెస్టెర్సులు (రోమన్ నాణేలు). జీతాలు, ధాన్యం వగైరా ఖర్చు 16,35,417. మిగతా 6 లక్షలు ఇటలీలోని అరిమినమ్‌లో వదిలేశాను. అంతే, సంతకం! తర్వాత కార్బోకి చెయ్యిచ్చి ఆయన శత్రువు సుల్లా పార్టీలోకి దూకేశారు. అరిమినమ్ యుద్ధంలో దోపిడీకి గురైంది కాబట్టి ఆ 6 లక్షలు వెతికే బాధ ఎవరికీ లేకపోయింది.

క్రీ.పూ. 74లో ప్రేటర్ (కాన్సుల్ తర్వాతి పెద్ద అధికారి) అయ్యి తమరి మీద ఎక్కారు. రోమ్‌లోని కాస్టర్ దేవుడి గుడి బాధ్యత తీసుకున్న కాంట్రాక్టరు చనిపోతే, వారసుడు చిన్నపిల్లాడు. గుడి చూస్తే బాగానే ఉంది, వంక పెట్టడానికేమీ దొరకలేదు. పక్కనున్న ఒకాయన, స్తంభాలకి దారానికి కట్టిన తూకపు గుండు వేసి చూడండి, అచ్చంగా నిటారుగా ఉండే స్తంభం ఎక్కడా ఉండదు అని సలహా ఇచ్చాడు. వెర్రెస్ గారికి అప్పటిదాకా ఆ పరీక్ష ఉందనే తెలియదట. తెలిశాక ఆగుతారా? మరమ్మతు బిల్లు పిల్లాడి ఆస్తి మీద పడింది.

ఆపైన 73లో సిసిలీ గవర్నరు. ఏడాది ఉండాల్సిన మనిషి, రావాల్సినాయన రాకపోవడంతో మూడేళ్లు ఉన్నారు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవడంలో ఆయన తర్వాతే ఎవరైనా. అక్కడి మెసానా ఊళ్లో హీయస్ అనే ధనికుడి ఇంటి పూజగదిలో గ్రీకు శిల్పి ప్రాక్సిటెలిస్ చెక్కిన మన్మథుడితో సహా మేటి విగ్రహాలుంటే, అన్నీ కలిపి 6,500 సెస్టెర్సులకి "కొన్నారు". రసీదు కూడా ఉంది మరి! లియోంటిని పొలాల్లో మొదటి ఏడాది 84 మంది రైతులుంటే మూడో ఏడాదికి 32 మంది మిగిలారు. పంటలో పదో వంతు పన్ను వసూలు చేసే అప్రోనియస్ అంత శ్రద్ధగా పనిచేశాడు. గవర్నరు గారేమో ఎనిమిది మంది మోసే పల్లకిలో, గులాబీ రేకులు కూరిన దిండు మీద ఊరేగేవారు. వీపుకి ఆనుడు లేని తమరి మీద కూర్చోవడం కష్టమే కదా, పాపం.

మొదటి ఏడాది సంపాదన తనకి, రెండో ఏడాదిది లాయర్లకి, అన్నిటికన్నా పుష్కలమైన మూడో ఏడాదిది జడ్జీలకి అని ఆయన చెప్పుకునేవారట. ఎందుకు చెప్పుకోరు? తీర్పు చెప్పేది సెనేటర్లే. అంటే తమరి మీద కూర్చుని దిగినవాళ్లు, కూర్చోబోయేవాళ్లు!

70లో వెర్రెస్ మీద కేసు నడిపిన లాయరు సిసిరో 110 రోజులు గడువు అడిగి, 50 రోజుల్లోనే సిసిలీ తిరిగి సాక్ష్యాలు తెచ్చారు. సుదీర్ఘ ఉపన్యాసం మానేసి నేరుగా సాక్షుల్ని నిలబెట్టేసరికి వెర్రెస్ గారు మసిలియా (నేటి ఫ్రాన్స్‌లోని మార్సే)కి జారుకున్నారు. ఆయన తరఫున వాదించిన హార్టెన్సియస్, మరుసటి ఏడాది కాన్సులై దర్జాగా తమరి మీద కూర్చున్నారు.

ఇంతకీ సిసిరోని తమరు వదిలారా? 51లో ఆయన సిలీషియా (నేటి టర్కీలో ఒక ప్రాంతం) గవర్నరుగా వెళ్లారు. లంచం ముట్టలేదు, ఊళ్లని పీడించలేదు. అయినా పదవి దిగేసరికి ఎఫెసస్‌లో 22 లక్షల సెస్టెర్సులు దాచుకున్నారు, అదీ చట్టం దాటకుండానే! తనే ఉత్తరంలో రాసుకున్నారు. గవర్నరుకి జీతం లేదని కదా రూలు? ఆ లెక్క మాత్రం వీలు చూసుకుని వివరించగలరు.

ఇట్లు,
ఒక పన్ను కట్టేవాడు