చాటింపు వేసేవాడికి లోపలి మాట తెలియాలి

2019 ఆగస్టు 16. కశ్మీర్‌పై ఐరాస భద్రతా మండలి తలుపులు మూసుకుని మాట్లాడుకున్న రోజు. బయట మైకు దగ్గరికి ముందు చైనా రాయబారి వచ్చారు, తర్వాత పాకిస్థాన్ రాయబారి. ఇద్దరూ చెప్పాల్సింది చెప్పి, ప్రశ్నలకు ఆగకుండా వెళ్లిపోయారు. ఆ తర్వాత భారత శాశ్వత ప్రతినిధి సయ్యద్ అక్బరుద్దీన్. పాకిస్థాన్‌తో చర్చలు ఎప్పుడు మొదలుపెడతారని ఆ దేశ విలేకరి అడిగితే, మీతో చెయ్యి కలిపే మొదలుపెడతానంటూ మైకు వదిలి నడిచి వెళ్లారు. ముగ్గురు పాక్ విలేకరులకు కరచాలనం చేసి వచ్చి, తగాదాలు రెండు దేశాలే మాట్లాడుకుని తేల్చుకోవాలన్న సిమ్లా ఒప్పందం మాట ఎత్తారు.

మనవాళ్లు ఆ క్లిప్పును చూసి తెగ మురిసిపోయారు. హైదరాబాద్ మనిషి, పైగా తండ్రి ఉస్మానియాలో జర్నలిజం పాఠాలు చెప్పినాయన. మురిపెం సహజమే. నన్ను ఆకట్టుకుంది మాత్రం ఆ నిబ్బరం. ఢిల్లీ వైఖరి ఎందాకా పోతుందో, ఎక్కడ ఆగుతుందో తెలిసినవాడే అలా మైకు వదలగలడు. తెలియనివాడు చేతిలో కాగితం వదలడు.

సర్కారు మాట బయటికి చెప్పేవాడికి ఈ తెలియడం దగ్గరే అసలు పేచీ. రెండో ప్రపంచ యుద్ధంలో లండన్ నుంచి రేడియో వార్తలు చెప్పి పేరు తెచ్చుకున్న ఎడ్వర్డ్ మర్రోను 1961లో కెనడీ ఏరికోరి అమెరికా సమాచార సంస్థకు అధిపతిని చేశారు. ఏప్రిల్‌లో క్యూబా మీద అమెరికా వెనకుండి నడిపించిన బే ఆఫ్ పిగ్స్ దాడి. ప్రపంచానికి అమెరికా మాట వినిపించాల్సిన ఆ సంస్థకు దాడి సంగతి ముందుగా చెప్పింది శ్వేతసౌధం కాదు, న్యూయార్క్ టైమ్స్ విలేకరి!

పోనీ, లోపలికి రానిస్తే చాలా? కుర్చీ మనిషిని మార్చకుండా ఉంటుందా? పదవిలోకి వచ్చిన కొత్తలోనే మర్రో బీబీసీకి ఫోన్ చేశారు. అమెరికా వలస వ్యవసాయ కూలీల దుస్థితిపై ఒక డాక్యుమెంటరీని ప్రసారం చేయొద్దని కోరారు. అందులో వినిపించే గొంతు ఆయనదే; కొద్ది నెలల ముందు తాను చేసిన కార్యక్రమమే అది. బీబీసీ వినలేదు, ప్రసారం చేసింది. ఫోన్ సంగతీ పత్రికలకెక్కింది. నిజాన్ని మించిన ప్రచారం లేదని 1963లో అమెరికా కాంగ్రెస్ ముందు చెప్పినప్పుడు, ఆ ఫోన్ ఆయనకు గుర్తొచ్చే ఉంటుంది.

మన జిల్లాల్లో ఇంత నాటకం ఉండదు. సాయంత్రం ఆరు దాటాక విలేకరుల వాట్సాప్ గ్రూపులో ప్రెస్ నోట్ పీడీఎఫ్ పడుతుంది: మొక్క నాటిన అధికారి, నాలుగు ఫొటోలు. నేను రిపోర్టింగ్‌లో ఉన్నప్పుడు, ఒకరోజు హాస్టల్ పిల్లలు ఆస్పత్రి పాలయ్యారు. నోట్‌లో ఆ ముక్క లేదు. పౌర సంబంధాల అధికారికి ఫోన్ చేశాను.

‘పైనుంచి ఇంకా ఏం రాలేదండీ’ అన్నాడు. కాసేపాగి, గొంతు తగ్గించి, ‘ఇంతకీ ఎంతమంది పిల్లలు సార్? మీకేమైనా తెలిసిందా?’