హెలెన్ నడిచిన దారి ఎవరికీ పట్టదా?

ఇప్పుడే తిరుపతిలో ఒక సాహిత్య సభ నుంచి వచ్చాను. ఒళ్లు మండిపోతోంది. అమెరికా రచయిత్రి హార్పర్ లీ రాసిన, 1960లో అచ్చైన ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ నవల మీద ప్రసంగం. మొదలుపెట్టింది మొదలు ముగించేదాకా లాయర్ అటికస్ ఫించ్ త్యాగమే. జాతివివక్షను ఎదిరించినందుకు ఊళ్లో మాటలు పడ్డాడు, మొహాన ఉమ్మి వేయించుకున్నాడు, పిల్లల మీద దాడి జరిగింది. నిజమే, కాదన్నదెవరు? కానీ ఆయనకు ఇల్లు మిగిలింది, పిల్లలు మిగిలారు.

మరి ఆయన ఎవరి తరఫున వాదించాడో ఆ నల్లజాతి మనిషి, చేయని నేరానికి శిక్ష పడ్డ టామ్ రాబిన్సన్? చిన్నప్పుడే పత్తి మరలో ఇరుక్కుని ఎడమ చెయ్యి పనికిరాకుండా పోయిన మనిషి. జైలు కంచె ఎక్కబోతే 17 తూటాలు దించారు. దానికి వక్త ఒక్క వాక్యం ఖర్చుపెట్టారు. భార్య హెలెన్ పేరైతే ఆయన నోట రానేలేదు. పిల్లల్ని సాకడానికి ఆమె పనికి పోవాలి. టామ్ మీద ఆ అబద్ధపు నేరం మోపిన యూయెల్ ఇంటివాళ్లు దారిలో ఏదో ఒకటి విసురుతారని, అందరూ నడిచే రోడ్డు వదిలి దాదాపు మైలు దూరం చుట్టూ తిరిగి వెళ్తుంది. లేచి అడిగితే ‘అవి చిన్న పాత్రలమ్మా’ అన్నారు. భర్త పోయి, నడిచే రోడ్డు కూడా పోయిన మనిషిది చిన్న పాత్ర ఎలా అవుతుంది?

మన జాషువా 1941లోనే ‘గబ్బిలం’ రాశారు. గుడిలోకి రానివ్వని మనిషి తన గోడు తానే చెప్పుకున్నాడు, శివుడికి విన్నవించమని గబ్బిలాన్ని పంపాడు. నడుమ ఏ లాయరూ లేడు, దయగల పెద్దమనిషీ లేడు. అది చదివిన మనం కూడా ఇంకా ఉద్ధరించేవాడికే దండలు వేయాలా?

నాకిది కొత్త కాదు, అందుకే ఇంత మంట. మా ఊరి కాలనీ ఆడవాళ్లు పెద్ద వీధిలో మాటలు పడలేక బిందెలతో చెరువు గట్టు మీదుగా తిరిగి రావడం గురించి కథ రాసి, చిత్తూరులో ఒక పోటీకి పంపాను. న్యాయనిర్ణేత ఫోను చేసి, ‘ఒక మంచి మాస్టారును పెట్టమ్మా, వాళ్ల తరఫున నిలబడి ఉద్యోగం పోగొట్టుకుంటాడు, అప్పుడు పాఠకుడి కళ్లు చెమరుస్తాయి’ అన్నారు. వానలో ఆ గట్టు మీద జారి, నీళ్లన్నీ ఒలకబోసుకుని, ఖాళీ బిందెతో మళ్లీ బావి దగ్గరికి నడిచిన మనిషిని చూస్తే చెమర్చవా? మన కన్నీళ్లకు నోచుకోవాలంటే ముందు పోగొట్టుకోవడానికి ఒక ఉద్యోగం ఉండాలా?

మాస్టారును పెట్టలేదు, పెట్టను. కథ ఒక్క అక్షరం మార్చకుండా ఇంకో పత్రికకు పంపుతున్నాను.