ఇరవై ఇస్తుంది, యూనిట్ అడగొద్దు

అనంతపురం,
మా ఇంటి వెనక రేకుల షెడ్డు నుంచి.

చిరంజీవి ఆరు సిలిండర్ల ఇంజనుకు,

ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. నీ క్షేమం అడగక్కర్లేదు, మొన్న పోయించిన పెట్రోలు ఇవాళ ముల్లులో కనిపించడం లేదంటే నువ్వు బాగానే ఉన్నట్టు.

కుమారస్వామికి ఆరు ముఖాలు. ఆకలి వేస్తే పాలివ్వడానికి ఆరుగురు కృత్తికలు వచ్చారని పురాణం. నీకూ ఆరు నోళ్ళే. పోసేవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే, అదీ పెన్షన్ మీద బతికే కామర్స్ లెక్చరర్ని.

అసలు విషయానికి వస్తాను. ఆరేళ్ళుగా నీ గురించి ఊరంతా అబద్ధాలు చెబుతున్నాను. ఇక నా వల్ల కాదు.

మన ఊళ్ళో నిన్ను చూసినవాళ్ళెవరూ నీ పేరు అడగరు. 1972లో పుట్టిన కారువని చెబితే "అట్లనా" అని ఊరుకుంటారు. ఆ పొడవాటి ముక్కు, రెండే తలుపులు, వెనక సీటన్నదే లేని వయ్యారం ఎవరికీ పట్టదు. సప్తగిరి సర్కిల్లో సిగ్నల్ పడితే పక్కన ఆగిన ఆటో అతను తల బయటికి పెట్టి అడిగే మొదటి మాట, చివరి మాట ఒకటే: "సార్, ఎంతిస్తాది?" బంకులో కుర్రాడు "జీరో చూసుకోండి సార్" అంటాడు. జీరో చూస్తాను. ఆ తర్వాత వచ్చే అంకెలు చూడలేక ఎదురుగా ఉన్న టైర్ల షాపు బోర్డు చదువుతాను. ఎన్నిసార్లు చదివానో, ఆ షాపు ఫోన్ నంబరు నాకు నోటికొచ్చు.

అడిగినవాణ్ణి బట్టి నా జవాబు మారుతుంది. ఆటో అతనికి పన్నెండు. మా బావమరిదికి పది, ఎందుకంటే వాడు నమ్మడు, కాస్త తగ్గించి చెప్పాలి. బెంగళూరు నుంచి పాత కార్ల పిచ్చోళ్ళు ఎవరైనా వస్తే మాత్రం నాలుగున్నర. వాళ్ళ మధ్య ఎవరి బండి తక్కువిస్తే వాడే మొనగాడు. ఒకాయన ఇడ్లీ తింటూ "మూడు" అన్నాడు, మిగతా వాళ్ళందరూ కాసేపు గౌరవంగా మౌనం పాటించారు.

ఇంట్లో మాత్రం "ఇరవై" అని చెప్పాను. ఇది అబద్ధం కాదు. నువ్వు పుట్టిన కాలంలో మీ వాళ్ళు మైలేజీని గ్యాలనుకు ఇన్ని మైళ్ళని లెక్కపెట్టేవాళ్ళు కదా, ఆ లెక్కలో ఇరవయ్యే. కురుక్షేత్రంలో ధర్మరాజు "అశ్వత్థామ హతః" అని గట్టిగా అని, "కుంజరః" అని గొణిగాడు చూడు, నేనూ "ఇరవై ఇస్తుంది" అని గట్టిగా అని "మైళ్ళు, గ్యాలనుకు" అని చొక్కా గుండీలకు చెప్పుకున్నాను. ఆయన రథం అప్పటిదాకా నేలకు నాలుగు వేళ్ళ ఎత్తున తేలుతూ ఉండేదట, ఆ మాటతో కిందికి దిగింది. నేను దిగడానికి ఇంకొంచెం టైం పట్టింది.

మా ఆవిడ హైస్కూల్లో ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పింది. ఒక ఆదివారం డాష్‌బోర్డు అరలో నా పెట్రోలు నోట్‌బుక్ దొరికింది. నీ మీటరు మైళ్ళలో, బంకు లీటర్లలో, నేను రూపాయల్లో, ముగ్గురం మూడు భాషల్లో రాసిన పుస్తకం అది. ఎర్ర పెన్ను తెచ్చుకుంది.

"ఏమండీ, ఈ ఇరవై దేంట్లో?"

"అంటే?"

"యూనిట్ రాయలేదు. అర మార్కు కట్."

ఆ తర్వాత మార్జిన్‌లోనే చేసేసింది. మైలుకు 1.609 కిలోమీటర్లు, ఇరవై మైళ్ళకు ముప్పైరెండు చిల్లర. ఇంగ్లిషు వాళ్ళ గ్యాలను 4.546 లీటర్లు. భాగహారం అయ్యాక కళ్ళజోడు తీసి నా వైపు చూసి "ఏడు" అంది. అంకె చెప్పిందో, నన్ను ఏడవమందో ఇప్పటికీ అర్థం కాలేదు.

నీ వంశం చిన్నదని కాదు. 1954లో మెర్సిడెస్ 300 ఎస్‌ఎల్ రెక్కల్లా పైకి లేచే తలుపులతో వచ్చింది, పెట్రోలును నేరుగా సిలిండర్లోకే చిమ్ముకుంది. 1961లో జాగ్వార్ ఈ-టైప్ గాలిలో పెట్రోలు కలిపే కార్బురేటర్లు మూడింటితో, 3.8 లీటర్ల కడుపుతో జెనీవాలో దిగింది. పోర్షే వాళ్ళు 911లో ఆరింటినీ అటు మూడు, ఇటు మూడు పడుకోబెట్టారు. 1969లో జపాన్ నుంచి డాట్సన్ 240జెడ్. పొదుపు చేద్దామని వీళ్ళను కన్నవాళ్ళెవరూ లేరు. 1973 అక్టోబరులో అరబ్బు దేశాలు చమురు బిగించాయి, పీపా మూడు డాలర్ల దగ్గర ఉన్నది కొన్ని నెలల్లోనే దాదాపు పన్నెండుకు ఎక్కింది. సప్తగిరి సర్కిల్ ఆటో అతని ప్రశ్న అప్పుడు అమెరికా వాడికీ తట్టింది. మరుసటి జనవరికి గంటకు 55 మైళ్ళు దాటొద్దని అక్కడ చట్టమే చేశారు.

మరి ఆరు ఎందుకు, నాలుగు చాలవా అని మా బావమరిది అడిగాడు. నాలుగు సిలిండర్లలో ఎక్కడో ఒక వణుకు మిగిలిపోతుంది. ఆరింటిని వరసగా నిలబెడితే ఒకరి తన్నును ఇంకొకరు సరిచేసుకుంటారు. పిస్టన్లు తిప్పే క్రాంకు ఇరుసు 120 డిగ్రీలు తిరిగినప్పుడల్లా ఒకటి మండుతుంది, ఒకటి-ఐదు-మూడు-ఆరు-రెండు-నాలుగు, అదే వరస. మా మనవడు దీన్ని ఎక్కాల కంటే ముందు నేర్చుకున్నాడు. నువ్వు నడుస్తుండగా నీ నెత్తి మీది మూత, అదే వాల్వ్ కవర్ మీద పాత ఐదు రూపాయల బిళ్ళను అంచు మీద నిలబెట్టి చూపించాను. పడలేదు. వాడే తీసుకుపోయి ఐస్ కొనుక్కున్నాడు.

ఆ నునుపుకు ఖర్చుంది. ఆరు పిస్టన్లు, వాటి రింగులన్నీ గోడలను రాసుకుంటూ తిరగాలి, ఆ రాపిడికే కొంత పెట్రోలు పోతుంది. కొత్త కార్లు ఇంజను గేరులో ఉండగా కాలు తీస్తే పెట్రోలు ఆపేస్తాయి. నువ్వు మాత్రం, నేను కాలు తీసినా, దిగి టీ తాగుతున్నా, ఎవరితోనో మాట్లాడుతున్నా చుక్క చుక్కా లాగుతూనే ఉంటావు.

ఇంతా చేసి, నీకు వచ్చిన చెడ్డపేరులో సగం నీది కాదని ఈమధ్యే తెలిసింది. మా మెకానిక్ భాయ్ ఆరు ప్లగ్గులూ విప్పి పాత పేపరు మీద వరసగా పెట్టాడు. ముందు మూడూ కాటుక డబ్బాలో ముంచినట్టున్నాయి, వేలు పెడితే మసి అంటుకుంది. వెనక మూడూ మేరీ బిస్కట్ రంగు. ప్లగ్గు ఎట్లా ఉండాలో అట్లా. భాయ్ గడ్డం గోక్కుని, ముందు కార్బురేటరు కిందికి వంగి, వేలితో ఏదో కదిపాడు.

నీకు రెండు కార్బురేటర్లు, ఒక్కోటి మూడు నోళ్ళకు పోస్తుంది. ఇంజను చల్లగా ఉన్నప్పుడు కాస్త ఎక్కువ పెట్రోలు పోయించేది చోక్. ముందుదాని చోక్ తీగ తుప్పు పట్టి మధ్యలోనే ఆగిపోయింది. తెల్లవారుజామున చలికి కాసేపు పట్టాల్సిన చోక్, మే నెల మిట్టమధ్యాహ్నం 42 డిగ్రీల ఎండలో కూడా పట్టే ఉంది.

"మూడు తాగుబోతులు సార్, మూడు సంసారపక్షం" అన్నాడు భాయ్. "పేరు మాత్రం ఆరింటికీ పోయింది."

తీగ మార్చాక సన్నని రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో పెట్టుకున్నాడు. రెండో కొస ఒకసారి ఈ కార్బురేటరు నోటి దగ్గర, ఒకసారి ఆ కార్బురేటరు నోటి దగ్గర. రెండింటి బుస ఒకేలా వినిపించే దాకా స్క్రూలు తిప్పాడు. తర్వాత అడుగున ఉన్న పిన్నుతో కార్బురేటరు లోపల ఉండే చిన్న పిస్టన్‌ను ఇసుమంత ఎత్తాడు. మోత కొంచెం పెరిగి సర్దుకుంది. "అట్లుండాల. పెరిగి అట్లే ఉంటే ఎక్కువ తాగుతాంది, ఆగిపోతే పస్తుంటాంది." నన్ను కూడా వదల్లేదు. పొద్దున్నే వీధంతా వినాలని పది నిమిషాలు నిన్ను నిలబెట్టి రంకెలు వేయించడం ఆయన చూశాడట. "అది తాగేది కాదు సార్, మీరు తాపిస్తాండారు" అన్నాడు. నేను బిల్లు అడిగి మాట మార్చాను.

మరుసటి ఆదివారం పరీక్ష. మూతి దాకా ఫుల్ చేయించి, మీటరు రాసుకుని, గుత్తికి పోయి, కోట కింద ఉగ్గాని బజ్జీ తిని, అదే బంకుకు తిరిగొచ్చి మళ్ళీ మూతి దాకా. 66 మైళ్ళు, 14.2 లీటర్లు. అంటే లీటరుకు ఏడున్నర, మీ ఇంగ్లిషు వాళ్ళ లెక్కలో ఇరవై ఒకటి. హైవే మీద పెనుకొండ ఫ్యాక్టరీ నుంచి కొత్త కియాలను మోసుకుపోతున్న పెద్ద ట్రైలర్లు వరసగా ఎదురయ్యాయి. ఆ కార్లు ఒక్క చుక్క తాగకుండా అరవై మైళ్ళూ పోతున్నాయి. చూడకురా అని నీకు చెప్పాలనిపించింది.

ఏడున్నర అని పుస్తకంలో రాశాను, యూనిట్‌తో సహా. మా ఆవిడ టిక్కు పెట్టింది. ఇప్పుడైనా అదుపులోకి వచ్చావనుకుంటే, బంకుల్లో పెట్రోలుకు ఇథనాల్ కలపడం నూటికి ఇరవై పాళ్ళకు చేరింది. చెరకు, మొక్కజొన్న, నూకలు పులియబెట్టి తీసిన సారా. దాన్లో లీటరుకు ఉండే శక్తి పెట్రోలులో మూడింట రెండొంతులే, కాబట్టి లెక్క ప్రకారం నూటికి ఆరేడు వంతుల మైలేజీ పోతుంది. కొత్త కార్లకు పొగ గొట్టంలో ఒక సెన్సార్ ఉంటుంది, పొగను పసిగట్టి ఎంత పోయాలో అవే సర్దుకుంటాయి. నీకు ముక్కు లేదు. ఏది పోసినా 1972 నాటి పెట్రోలే అనుకుంటావు. పైగా నీ పాత రబ్బరు గొట్టాలు ఉబ్బి మెత్తబడ్డాయి, మార్పించాల్సి వచ్చింది. ఇన్నాళ్ళూ నిన్ను తాగుబోతువని తిట్టింది మాట వరసకు, ఇప్పుడు నిజంగానే అలవాటు చేశారు.

పొదుపు పేరుతో నేను చేసిన తెలివితక్కువ పని కూడా రాస్తాను, నీకు గుర్తుండే ఉంటుంది. కర్ణాటకలో లీటరు ఆరేడు రూపాయలు తక్కువని బాగేపల్లి దాకా తీసుకుపోయాను. యాభై లీటర్లకు మూడు వందల యాభై దాకా మిగిలింది. పోను నూట పది కిలోమీటర్లు, రాను నూట పది. మూడు వందల యాభై మిగిల్చుకోవడానికి మూడు వేల పైచిలుకు తాగించాను. కామర్స్ లెక్చరర్ని అని మొదట్లోనే చెప్పాను కదా.

పక్కింటి సార్ డీజిల్ కారు లీటరుకు ఇరవై ఇస్తుంది, నిజం కిలోమీటర్లే. రోజూ అదే చెబుతాడు. ఒకరోజు ఆగలేక "ఏడాదికి ఎంత తిరుగుతుంది సార్?" అని అడిగాను. ఇరవై వేలు. అంటే వెయ్యి లీటర్లు. నువ్వు తిరిగేది ఏడాదికి తొమ్మిది వందల కిలోమీటర్లు, తాగేది నూట ముప్పై లీటర్లు. ఎవరు ఎక్కువ తాగారో మీరే చెప్పండి అన్నాను. ఆయన నిజంగానే ఆలోచనలో పడ్డాడు. గోడ ఇవతల బట్టలు ఆరేస్తున్న మా ఆవిడ "ఆయన కారు ఆ వెయ్యి లీటర్లకు పని చేసింది" అంది. ఇలాంటి మాటలు నేను నీ ముందు అనను, ఆమె అంటుంది.

మా నాయన గురించి రాసి ముగిస్తాను. గార్లదిన్నె దగ్గర మా చేన్లో ఆయన ఏడు బోర్లు వేయించాడు. రెండింట్లో నీళ్ళు పడ్డాయి, అందులో ఒకటి ఎండిపోయింది. నిన్ను తెచ్చిన రోజు కర్ర ఊతగా చుట్టూ తిరిగి చూసి, "నేను భూమిలో పోస్తి, నువ్వు ఇనుములో పోస్తాండావు" అన్నాడు. ఆ తర్వాత ఆరేళ్ళు నీ జోలికి రాలేదు. నిన్న రాత్రి అన్నం తింటూ, "రేప్పొద్దున దాంట్లో చేను కాడికి తీసకపోతావేమిరా" అని అడిగాడు.

సరే అన్నాను గానీ ఒక చిక్కుంది. యాభై ఏళ్ళు దాటిన బండివని 2021 నిబంధనల కింద ఇరవై వేలు కట్టి నీకు వింటేజ్ బండ్లకిచ్చే వీఏ అక్షరాల నంబరు తెచ్చాను. ఆ నంబరుతో ఊరికే తిరగకూడదు. ప్రదర్శనకు, ర్యాలీకి, టెక్నికల్ పరిశోధనకు, రిపేరుకు పోవచ్చు. పెట్రోలు పోయించుకోవడానికీ పోవచ్చు. ఆ చివరిది కూడా విడిగా రాశారు, కావాలంటే చదువుకో. రాసినవాడి ఇంట్లో నీలాంటిది ఒకటి ఉండే ఉంటుంది. చేను చూడటం మాత్రం ఆ జాబితాలో లేదు.

అందుకే రేపు ఆరింటికి బయల్దేరుతున్నాం. గార్లదిన్నె బంకులో పెట్రోలు బాగుంటుందని మా నాయన గట్టిగా చెబుతున్నాడు, ఆయన జన్మలో అక్కడ కొన్నది బోరు ఇంజనుకు క్యాన్లో డీజిలే. చోక్ ఒక్కసారే లాగుతాను, అందుకో. దారిలో ఎవరైనా ఆపితే పోయించుకోడానికి పోతున్నామని చెబుతాను. ఇరవై రెండు కిలోమీటర్లే కాబట్టి, అక్కడికి చేరేసరికి ట్యాంకులో మూడు లీటర్లయినా ఖాళీ ఉండాలి. అది నువ్వు చూసుకో.

ఇట్లు,
నీకు పోసేవాడు