మా ఇంటికి ఏ నెట్ రావాలో కమిటీ తేలుస్తుందా?

ఇప్పుడే కొత్త నెట్ కనెక్షన్ పెట్టడానికి వచ్చిన కుర్రాణ్ణి మా వాచ్‌మన్ గేటు దగ్గరే ఆపేశాడు. భుజాన కేబుల్ చుట్ట, చేతిలో నిచ్చెనతో పాపం ఎండలో నిలబడ్డాడు ఆ అబ్బాయి. అపార్ట్‌మెంట్ కమిటీ సెక్రటరీ గారికి ఫోన్ చేస్తే, "మన బిల్డింగ్‌లో ఒక్క నెట్‌కే పర్మిషన్ అమ్మా, మీటింగ్‌లో అనుకున్నాం కదా" అన్నారు. ఎవరు అనుకున్నారు? అద్దెకుండేవాళ్ళని మీటింగ్‌కే పిలవరు. మెయింటెనెన్స్ డబ్బులు మాత్రం ఒకటో తారీఖు పొద్దున్నే అడుగుతారు.

నేనేదో సరదాకి మారుస్తున్నానా? మా ఆయనది ఇంటి నుంచే పని. పిల్లకి సాయంత్రం ఆన్‌లైన్ క్లాసు. ఇప్పుడున్న నెట్ సరిగ్గా ఆ టైముకే పోతుంది. కంప్లైంట్ ఇస్తే "రూటర్ ఆఫ్ చేసి ఆన్ చేయండి మేడమ్" తప్ప ఇంకో మాట లేదు. బిల్డింగ్ మొత్తం వాళ్ళదే అయినప్పుడు వాళ్ళకి టెన్షన్ ఎందుకుంటుంది? మనం ఎక్కడికీ పోలేమని వాళ్ళకి తెలుసు.

ఏ ప్లాన్ చవకో, ఏది మేలో లెక్కలు చెప్పే వీడియోలు చూసి చూసి విసుగొచ్చింది. 399 అని పెద్దక్షరాల్లో వేస్తారు, 18 శాతం జీఎస్టీ కలిపితే 471. ఇన్‌స్టలేషన్ ఫ్రీ కావాలంటే ఆర్నెల్లదో ఏడాదిదో ముందే కట్టాలి. కట్టాక మధ్యలో ఇల్లు మారితే మిగిలిన డబ్బుల కోసం వాళ్ళ చుట్టూ తిరగాలి. అద్దె ఇళ్ళవాళ్ళకి ఏడాది ప్యాక్ అంటేనే భయం. అయినా కట్టడానికి సిద్ధపడ్డాను. గేటు దాటనిస్తే కదా!

కేబుల్ వద్దంటే ఎయిర్‌ఫైబర్, అంటే ఇంటిదాకా కేబుల్ లేకుండా సిగ్నల్ మీద వచ్చే నెట్, పెట్టుకోమని సలహా ఇస్తారు. దానికి 5జీ సిగ్నల్ బాగుండాలి, టెర్రస్ మీదో బయట గోడకో డబ్బా బిగించాలి. ఆ టెర్రస్ తాళం ఎవరి దగ్గరుంది? ఆ సెక్రటరీ గారి దగ్గరే. పైగా కేబుల్‌తో వచ్చే ఫైబర్‌ నెట్‌లో నెలకు 3300 జీబీ ఇస్తుంటే ఇందులో 1000 జీబీ దాటగానే స్పీడ్ పడిపోతుంది.

2017 డిసెంబరులో ఆంధ్రాలో ప్రభుత్వం ఫైబర్‌నెట్ మొదలుపెట్టినప్పుడు నెట్టూ, టీవీ చానెళ్ళూ, ఫోనూ కలిపి 149 రూపాయలకే అన్నారు. భూమి తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగా కేబుల్ లాగడం వల్లే అంత తక్కువలో మొదలుపెట్టగలిగారు. ఇక్కడ హైదరాబాద్‌లో ఆ స్తంభాలే మన ప్రాణాలమీదికి వచ్చాయి. 2025 ఆగస్టులో రామంతాపూర్ కృష్ణాష్టమి ఊరేగింపులో కరెంటు షాక్‌తో మనుషులు చనిపోయాక, విద్యుత్ శాఖవాళ్ళు స్తంభాల మీద వేలాడే నెట్, టీవీ కేబుళ్ళు కోసేశారు. ఆ కుటుంబాల బాధ ముందు నా నెట్ ఎంత! కానీ కేబుళ్ళు అలా గుట్టలుగా వేలాడుతుంటే అన్నేళ్ళూ చూస్తూ ఊరుకున్నది ఎవరు? మనిషి పోతేగానీ ఎవరికీ తల ఎత్తి పైకి చూడాలనిపించదు. ఇప్పటికీ మా వీధి మలుపులో తెగిన కేబుల్ పిల్లల తలలకి తగిలేంత కిందికి వేలాడుతోంది.

సరే, నెట్ లేనప్పుడు హాట్‌స్పాటే గతి. రోజుకి రెండు జీబీ ఇచ్చే ప్యాక్ ఒక్క ఆఫీసు మీటింగ్‌కీ, ఒక్క క్లాసుకీ సరిపోతుందా? ఆ ప్యాకులు తలుచుకుంటే నాకు ఎప్పటి నుంచో ఉన్న మంట మళ్ళీ రేగుతుంది. 28 రోజులట! ఏడాదికి పన్నెండు నెలలైతే మనం పదమూడు రీచార్జులు చేయించాలి. ఇంట్లో నాలుగు ఫోన్లుంటే నాలుగు రీచార్జులు అదనం. 30 రోజుల ప్యాక్ కనీసం ఒక్కటైనా ఉంచాలని ఫోన్ కంపెనీలకి 2022లో ట్రాయ్ (టెలికాం నియంత్రణ సంస్థ) చెప్పింది. ఉంచారు, ఎక్కడో అడుగున. యాప్ తెరిస్తే ముందు కనబడేవి 28, 56, 84. 2024 జులైలో రేట్లు పెంచినప్పుడైనా ఆ రెండు రోజులు కలపాలని ఎవరికీ అనిపించలేదు.

జీతం నెలకోసారి వస్తుంది. అద్దె, పాలు, కరెంటు బిల్లు అన్నీ నెల లెక్కనే కడతాం. ఫోన్‌కి మాత్రం నెలంటే 28 రోజులని మనలో ఎవరు ఒప్పుకున్నాం?