మోర్ పిల్లలు అనాథలు కారు

"లండన్ వీధుల్లో దొరికిన నలుగురు దిక్కులేని అన్నదమ్ములు. అమ్మానాన్నలెవరో లోకానికి తెలియదు. దయగల యాత్రికులు వాళ్ళను చేరదీసి 1620లో మేఫ్లవర్ ఓడలో అమెరికా తీసుకెళ్ళారు. ముగ్గురు చనిపోయారు. మిగిలిన రిచర్డ్ మోర్ ఓడ కెప్టెన్‌గా ఎదిగి, 1692లో 84వ ఏట కన్నుమూశాడు."

ఈ కథ ఎంతో కాలంగా చేతులు మారుతోంది. నాకే మూడుసార్లు వచ్చింది, చివర చేతులు జోడించిన బొమ్మతో సహా. ఇందులో ఓడ పేరు, ఏడాది, ముగ్గురి చావు, కెప్టెన్ అయిన సంగతి నిజం. తక్కినవి ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిది, వీధి పిల్లలన్న మాట. ఇదెక్కడి నుంచి వచ్చి ఉంటుందో ఊహించవచ్చు. 1618-19లో లండన్ నగర పాలకులు వీధుల్లో తిరిగే పేద పిల్లలను వంద మంది దాకా పోగుచేసి వర్జీనియాకు పంపారు. కానీ వాళ్ళెక్కిన ఓడలు వేరు, దిగిన వలస వేరు. రిచర్డ్ 1684లో, డెబ్బై ఏళ్ళ వయసులో ఇచ్చిన వాంగ్మూలం ఒకటి ఉంది. 1620లో తాను లండన్‌లో థామస్ వెస్టన్ అనే ఇనుప సామాన్ల వ్యాపారి ఇంట్లో ఉన్నానని, అక్కడి నుంచే తనను మేఫ్లవర్ యాత్రికుల అమెరికా వలస అయిన న్యూ ప్లిమత్‌కు పంపారని అందులో చెప్పాడు. ఈ వెస్టన్ మేఫ్లవర్ ప్రయాణానికి పెట్టుబడిదారులను కూడగట్టిన మనిషి. వీధిలో అడుక్కునే పిల్లవాడికి అలాంటివాడి ఇంట్లో ఏం పని? లండన్ ఆ పిల్లలకు మజిలీ మాత్రమే.

ఇక తల్లిదండ్రుల సంగతి. ఇంగ్లండ్ పడమటి అంచున ష్రాప్‌షైర్‌లో షిప్టన్ అనే పల్లె ఉంది. అక్కడి చర్చి బాప్తిస్మ రిజిస్టరులో నలుగురి పేర్లూ వరసగా ఉన్నాయి: 1612 మేలో ఎలెన్, 1613 ఆగస్టులో జాస్పర్, 1614 నవంబరులో రిచర్డ్, 1616 ఏప్రిల్‌లో మేరీ. తండ్రి సామ్యూల్ మోర్, తల్లి కేథరిన్. ఇద్దరూ భూస్వాముల బిడ్డలే. ఇద్దరి పుట్టింటి పేరూ మోరే! మన దగ్గరైతే ఇంటిపేరు వినగానే పెద్దలు చాలించేసే సంబంధం. అక్కడ మాత్రం ఆస్తి చేజారకుండా ఉండాలని పెద్దలే కుదిర్చారు. వరుడికి పదిహేడేళ్ళు, వధువు అతని కంటే దాదాపు ఏడేళ్ళు పెద్ద. పెళ్ళి 1611 ఫిబ్రవరిలో జరిగింది. పాత లెక్కలో చూస్తే 1610 అని కనిపిస్తుంది, ఎందుకంటే మనకు ఉగాదిలాగా వాళ్ళకు అప్పట్లో మార్చి 25న కొత్త ఏడాది మొదలయ్యేది. ఇంగ్లండు వంశాలు వెతికేవాళ్ళు తరచూ కాలుజారే చోటు ఇది.

సామ్యూల్ ఎక్కువకాలం లండన్‌లోనే ఉన్నాడు, లార్డ్ జూష్ అనే ప్రభువు దగ్గర కార్యదర్శిగా. 1616లో భార్య మీద అభియోగం మోపాడు: పిల్లల్లో చాలామందికి జేకబ్ బ్లేక్‌వే అనే స్థానికుడి పోలికలు ఉన్నాయని. సామ్యూల్‌తో పెళ్ళికి ముందే తనకూ బ్లేక్‌వేకూ పెళ్ళి మాట అయిందని కేథరిన్ అంది గానీ సాక్ష్యం చూపలేకపోయింది. సామ్యూల్ పిల్లలను తల్లి నుంచి వేరుచేసి తన తండ్రి కౌలుదారుల ఇళ్ళలో పెట్టాడు. ఆమె అక్కడికి వచ్చి వాళ్ళను తీసుకెళ్ళబోయింది. ఆ పెనుగులాటలో పిల్లల ఒంటి మీది బట్టలు చిరిగాయని సామ్యూలే రాశాడు. ఆమె కోర్టుల చుట్టూ తిరిగింది. 1620 వేసవిలో ఆఖరి అప్పీలు కూడా వీగిపోయింది. వెంటనే పిల్లలు లండన్ చేరారు.

ఇదంతా ఎలా తెలిసింది? పిల్లలను ఎందుకు పంపారో చెప్పించమని కేథరిన్ 1622లో ప్రధాన న్యాయమూర్తికి అర్జీ పెట్టుకుంది. దానికి సామ్యూల్ ఇచ్చిన జవాబు కుటుంబం ఇంటి అటకమీద మూడు వందల ఏళ్ళకు పైగా పడి ఉంది. వంశావళి పండితుడు ఆంథొనీ వాగ్నర్ ప్రోద్బలంతో 1959లో సామ్యూల్ వంశీకుడు జాస్పర్ మోర్ వెతికి బయటికి తీశాడు. అంటే "లోకానికి తెలియదు" అన్న మాటకు గడువు తీరి అరవై ఏళ్ళు దాటింది. అయితే బ్లేక్‌వేనే తండ్రి అని తేల్చేసేవాళ్ళూ తొందరపడుతున్నారు. రిజిస్టరు సామ్యూల్ పేరు చెబుతోంది, సామ్యూల్ కాదంటున్నాడు. కేథరిన్ మాట కూడా మనం భర్త రాసిన కాగితంలోంచే వినాలి.

చేరదీసిన దయ గురించి రెండు ముక్కలు చాలు. ఏడేళ్ళు తిండీ బట్టా చూడాలి, గడువు తీరాక ఒక్కొక్కరికీ 50 ఎకరాలు ఇవ్వాలి అన్న ఒప్పందం మీద, సామ్యూల్ తరఫున డబ్బు కట్టి మరీ అప్పజెప్పారు. అదే ఓడ ఎక్కిన యాత్రికుల కుటుంబాలు మూడింటికి: ఎలెన్‌ను విన్‌స్లో ఇంటికి, జాస్పర్‌ను కార్వర్ ఇంటికి, రిచర్డ్‌నూ మేరీనీ బ్రూస్టర్ ఇంటికి. ఆ చలికాలంలో ఓడ ప్రయాణికుల్లో సగం మంది పోయారు. ఈ నలుగురిలో రిచర్డ్ ఒక్కడు మిగిలాడు.

1692, 84 ఏళ్ళు: న్యూ ఇంగ్లండ్ (అమెరికా ఈశాన్య తీరం)లోని సేలం ఊళ్ళో రిచర్డ్ సమాధి రాయి మీద ఉన్న అంకెలివి. రాయి నిజమైనదే, కానీ ఆ ఏడాదినీ "మేఫ్లవర్ యాత్రికుడు" అన్న మాటనూ చాలాకాలం తర్వాత చెక్కించారు. 1694 మార్చికి రిచర్డ్ బతికే ఉన్నాడు. 1614లో బాప్తిస్మం పొందినవాడికి 1692 నాటికి 84 ఏళ్ళు ఎలా నిండుతాయో లెక్కవేసి చూడండి. ఈ స్ఫూర్తి కథ మింగేసిన మరో సంగతి, న్యూ ఇంగ్లండ్‌లో భార్య ఉండగానే 1645లో లండన్ దగ్గర ఇంకో పెళ్ళి చేసుకున్నాడు.

చివరగా, "నలుగురు అన్నదమ్ములు". ఎలెన్, మేరీ ఆడపిల్లలు. ఈ తప్పు మాత్రం నేటిది కాదు. ప్లిమత్ గవర్నర్ బ్రాడ్‌ఫర్డ్ ముప్పై ఏళ్ళ తర్వాత ప్రయాణికుల జాబితా రాస్తూ, బ్రూస్టర్ కుటుంబం కింద రిచర్డ్ మోర్ పేరు పెట్టి పక్కన "అతని మరో సోదరుడు" అని చేర్చాడు. ఆ సోదరుడు నాలుగేళ్ళ మేరీ.